ఎండు బ్రెడ్ పొడి: కప్పు కొలత, గ్రాముల తూకం – తిరువూరు వంటింటి దృష్ట్యా ఒక పరిశీలన

ఎన్.టి.ఆర్. జిల్లా ఉత్తరపు కొసన, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న తిరువూరు గోధుమ పండే ప్రాంతం కాదు. మామిడి తోటలు, పత్తి, మిరప, వరి, మొక్కజొన్న ఇక్కడి వ్యవసాయానికి ఆధారం. ఇబ్రహీంపట్నం, మైలవరం మీదుగా వచ్చి కొత్తగూడెం, భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి పట్టణం గుండా పోతుంది. గోధుమపిండి, మైదా, వాటితో తయారైన బ్రెడ్, రస్కు ఇక్కడికి బయటి నుంచి వచ్చిన ఆహారాలే. తెలుగు ఇళ్లలో బ్రెడ్ చాలాకాలం పాటు ఫలహారంగా కాక పథ్యంగానే చలామణి అయింది. జ్వరం వచ్చినవారికి పాలలో ముంచి రెండు ముక్కలు పెట్టడం, ఆసుపత్రిలో ఉన్న బంధువును చూడబోయేటప్పుడు పండ్లతో పాటు ఒక బ్రెడ్ పొట్లం పట్టుకువెళ్లడం నేటికీ ఉన్న ఆచారం. కేంద్ర ప్రభుత్వ రంగంలో 1965లో మోడరన్ బేకరీస్ ఏర్పడిన తరువాత కాగితం చుట్టిన ముక్కల బ్రెడ్ పట్టణాలకు అలవాటైంది. ఇప్పుడు మండల కేంద్రాల్లోని చిన్న బేకరీలు కూడా రోజూ బ్రెడ్ కాలుస్తున్నాయి.

రోగి రెండు రోజుల్లో కోలుకుంటాడు. పొట్లంలో సగం మిగిలిపోతుంది. నాలుగో రోజుకు దాని అంచున బూజు కనిపిస్తుంది, పొట్లం చెత్తబుట్ట చేరుతుంది. ఈ మిగులును బూజు పట్టకముందే ఎండబెట్టి పొడి చేసుకుంటే కట్లెట్లు, కీమా ఉండలు, చేప వేపుడు, చిక్కని కూరల తయారీలో నెలల తరబడి వాడుకోవచ్చు. స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇచ్చే విలువ ఆధారిత ఉత్పత్తుల శిక్షణల్లో కట్లెట్ వంటి అల్పాహారాలు తరచుగా చేరుతున్నందున, బ్రెడ్ పొడి విస్తరణ శాస్త్రవేత్తల పరిధిలోకి వచ్చే విషయమే. అయితే ఈ పదార్థం విషయంలో చెప్పిన వంటకం ఒక ఇంట కుదిరి, పక్కింట చెడిపోవడం సర్వసాధారణం. కారణం చాలా సందర్భాల్లో వండేవారి చేతిలో కాక, ‘ఒక కప్పు’ అన్న మాటలోనే ఉంటుంది.

గిద్ద, సోల, మానిక ఎక్కడ సరిపోయాయి, ఎక్కడ సరిపోవు

తెలుగు వంటింటికి ఘనపరిమాణపు కొలత కొత్త కాదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అన్న లెక్కతోనే తరతరాలు బియ్యం, పప్పులు కొలిచాయి. 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చిన తరువాత కూడా ఇంట్లో బియ్యపు డబ్బాలో సోలో, గ్లాసో ఉండటం మానలేదు. మానవలసిన అవసరమూ కలగలేదు. బియ్యపు గింజ గట్టిది, నునుపైనది, దాదాపు ఒకే పరిమాణం గలది. సోలలో పోసినప్పుడు గింజల మధ్య మిగిలే ఖాళీ ప్రతిసారీ ఇంచుమించు ఒకటే కాబట్టి, సోలెడు బియ్యం బరువు నిన్నటికీ నేటికీ పెద్దగా మారదు. పైగా అన్నానికి నీళ్లను కూడా అదే పాత్రతో కొలుస్తారు. పాత్ర పెద్దదైనా చిన్నదైనా నిష్పత్తి చెడదు.

బ్రెడ్ పొడికి ఈ రెండు లక్షణాలూ లేవు. అది స్పంజు వంటి పదార్థం విరగ్గా ఏర్పడిన తునకల రాశి. తునకల లోపల గాలి గదులుంటాయి, తునకల మధ్య మరికొంత గాలి ఉంటుంది. మిక్సీ ఎంతసేపు తిరిగింది, ఏ జల్లెడ వాడారు, పాత్రను నేలకు తట్టారా లేదా, పొడిని చెంచాతో వదులుగా పోశారా లేక డబ్బాలో గ్లాసు ముంచి తీశారా అన్నదాన్ని బట్టి ఒకే పాత్రలో పట్టే బరువు మారిపోతుంది. సన్నని పొడిలో చిన్న రేణువులు పెద్ద రేణువుల మధ్య సందుల్లోకి జారి సర్దుకుంటాయి. పలుచని రేకులుగా ఉన్న పొడి ఒకదానిపై ఒకటి అడ్డంగా నిలిచి వంతెనల్లా ఖాళీలను నిలబెడుతుంది. అందుకే రెండూ ‘బ్రెడ్ పొడి’ పేరుతోనే అమ్ముడైనా, రెండూ ఒకే పదార్థం కాదని భావించడమే క్షేమం.

సంఖ్యలలో చూస్తే తేడా తీవ్రత తెలుస్తుంది. వంట పుస్తకాల్లో ప్రామాణికంగా తీసుకునే 240 మి.లీ. కప్పులో సన్నగా పొడి చేసిన ఎండు బ్రెడ్ సుమారు 108 గ్రా. పడుతుంది, అంటే మి.లీ.కు 0.45 గ్రా. అదే కప్పులో, ఎండబెట్టకుండా చేత్తో నలిపిన తాజా బ్రెడ్ తురుము వదులుగా పోస్తే సుమారు 45 గ్రా. మాత్రమే వస్తుంది. జపాను పద్ధతిలో తయారయ్యే పాంకో పొడి అంచులు లేని బ్రెడ్ నుంచి రేకులుగా తీసినది. అది కప్పుకు 50 నుంచి 60 గ్రా. మధ్య తూగుతుంది. (పాంకో కోసం బ్రెడ్‌ను మంటతో కాక, పిండి ముద్ద గుండా విద్యుత్తును ప్రవహింపజేసి కాలుస్తారు, దానికి పైపెచ్చు ఏర్పడకపోవడానికి కారణం అదే.)

దీనికి పాత్రల తేడా తోడవుతుంది. ఇంట్లో ‘కప్పు’ అన్న మాటకు టీ కప్పు అని అర్థం చేసుకునేవారు ఎందరో. అది 150 మి.లీ. పట్టేదైతే అందులో సన్నని ఎండు పొడి 67 గ్రా. వస్తుంది. మంచినీళ్ల స్టీలు గ్లాసు 300 మి.లీ.దైతే 135 గ్రా. వస్తుంది. తాజా తురుమును టీ కప్పుతో కొలిచిన ఇంట 28 గ్రా., ఎండు పొడిని పెద్ద గ్లాసుతో కొలిచిన ఇంట 135 గ్రా.: ఇద్దరూ శిక్షణలో విన్నట్టే ‘ఒక కప్పు’ వేశారు, తేడా మాత్రం ఐదింతలకు చేరువ. ఉప్పులో ఇంత తేడాను ఏ గృహిణీ సహించదు. బ్రెడ్ పొడిలో ఆ తేడా జరిగిందని కూడా తెలియదు.

పాసిన బ్రెడ్, ఎండిన బ్రెడ్

పొడికి ఏ బ్రెడ్ తగినదో నిర్ణయించే ముందు ఒక అపోహను తొలగించుకోవాలి. బ్రెడ్ గట్టిపడటానికి కారణం నీరు ఆవిరైపోవడమేనని సాధారణంగా అనుకుంటారు. 1852లోనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బూసంగో గాలి చొరబడని విధంగా మూసి ఉంచిన బ్రెడ్ కూడా, తేమ కోల్పోకుండానే పాసిపోతుందని, దాన్ని తిరిగి వేడిచేస్తే కొంత మెత్తదనం వస్తుందని చూపాడు. కాల్చేటప్పుడు ఉబ్బి మెత్తబడిన పిండిపదార్థపు అణువులు చల్లారిన తరువాత క్రమంగా మళ్లీ దగ్గరకు చేరి స్ఫటిక రూపం పొందడమే దీనికి ప్రధాన కారణం. ఈ మార్పు గది ఉష్ణోగ్రతలో కంటే ఫ్రిజ్‌లోని చల్లదనంలో వేగంగా జరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన బ్రెడ్‌కు బూజు ఆలస్యంగా పడుతుంది గాని, గట్టిదనం త్వరగా వస్తుంది.

పొడి చేయడానికి ఇది ఉపకరించే విషయమే. అప్పుడే కొన్న మెత్తని బ్రెడ్‌ను మిక్సీలో వేస్తే బ్లేడు చుట్టూ ముద్ద కడుతుంది. ఒకటి రెండు రోజులు గడిచి పాసిన బ్రెడ్ శుభ్రంగా విరుగుతుంది. అయితే పాసిన బ్రెడ్ ఎండిన బ్రెడ్ కాదు. చేతికి గట్టిగా తగిలినా దాని లోపల మూడో వంతు వరకు నీరే ఉంటుంది. దాన్ని అలాగే పొడిచేసి డబ్బాలో పోస్తే వారం తిరగకుండా బూజు వాసన వస్తుంది. ఎండబెట్టడం తప్పనిసరి.

బూజు విషయంలో కొంత కఠినంగా ఉండవలసి ఉంది. ‘మూల తుంచేసి మిగతాది ఎండబెట్టాం’ అనడం పొదుపుగా కనిపించినా ప్రమాదకరం. బ్రెడ్ వంటి మెత్తని, రంధ్రాలు గల పదార్థంలో శిలీంధ్రపు తంతువులు కంటికి కనిపించే మచ్చను దాటి లోపలికి పాకి ఉంటాయి. రైజోపస్, పెనిసీలియం, ఆస్పర్జిల్లస్ ప్రజాతులు బ్రెడ్‌పై సాధారణంగా పెరిగేవి. వీటిలో కొన్ని విషపదార్థాలను ఉత్పత్తి చేస్తాయి. వేరుశనగ, మొక్కజొన్నలలో అఫ్లాటాక్సిన్ గురించి రైతులకు చెప్పే విస్తరణ సిబ్బందికి దాని స్వభావం తెలిసినదే: అది ఎండకు గాని, మూకుడు వేడికి గాని లొంగేది కాదు. పొడిలో కలిసిపోయిన తరువాత మచ్చ కనిపించదు, వేగిన తరువాత వాసనా తెలియదు. ఒక ముక్కకు బూజు కనిపిస్తే ఆ పొట్లాన్ని మొత్తంగా పారవేయడమే సరైనది.

వేసవిలో గమనించవలసిన మరొక చెడుదల ఉంది. కొన్నిసార్లు బ్రెడ్ మధ్యభాగం జిగటగా మారి, విరిస్తే సన్నని దారాలు సాగుతాయి. బాగా మగ్గిన పండు వంటి వాసన వస్తుంది. ఇది బాసిల్లస్ బ్యాక్టీరియా పని. దాని బీజాలు కాల్చే వేడిని తట్టుకుని, ఉక్కపోత రోజుల్లో మొలకెత్తుతాయి. బూజు లేదు కదా అని అటువంటి బ్రెడ్‌ను పొడికి వాడరాదు.

ఎండు ఎంత ఎండు: త్రాసు చెప్పే సమాధానం

తిరువూరు ప్రాంతంలో వడియాలు, ఒరుగులు, మామిడి తాండ్ర ఎండబెట్టే ఇళ్లకు ఎండ వాడకం గురించి కొత్తగా నేర్పవలసింది తక్కువ. ఏప్రిల్, మే నెలల ఎండలో అంగుళంలో సగం మందాన కోసిన బ్రెడ్ ముక్కలను పళ్లెంలో విడివిడిగా పరచి, పైన పలుచని బట్ట కప్పి, మధ్యాహ్నం ఒకసారి తిరగవేస్తే సాయంత్రానికి పెళుసెక్కుతాయి. మంచు పడకముందే లోపలికి తేవాలి. ఎండ తరువాత దళసరి మూకుడులో సన్నని సెగపై, లేదా ఓవెన్‌లో 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వద్ద 20 నిమిషాల వరకు వేడి చేస్తే మిగిలిన తేమ పోతుంది. రంగు మారనీయకుండా ఆరబెట్టడమే ఇక్కడి లక్ష్యం. కారణం వేయించే విభాగంలో తెలుస్తుంది. వానాకాలంలో ఎండను నమ్ముకోకుండా మొదటి నుంచి ఓవెన్ గాని, మూకుడు గాని వాడటం మేలు.

ముక్క పటుక్కున విరగాలన్నది మంచి గుర్తే. కాని పైపెచ్చు ముందే పెళుసెక్కి లోపలి భాగం మెత్తగా మిగిలే అవకాశం ఉంది. అంతకంటే నమ్మదగినది తూకం. లెక్క సులభం. తాజా బ్రెడ్‌లో సుమారు 36 శాతం తేమ ఉంటుందని తీసుకుంటే, 400 గ్రా. బ్రెడ్‌లో 144 గ్రా. నీరు, 256 గ్రా. ఘనపదార్థం ఉంటాయి. ఎండబెట్టినప్పుడు పోయేది నీరే, ఘనపదార్థం మారదు. కాబట్టి ఎండిన ముక్కలు 298 గ్రా. తూగితే వాటిలో ఇంకా 14 శాతం తేమ ఉన్నట్టు, 284 గ్రా. అయితే 10 శాతం, 275 గ్రా.కు దిగితే 7 శాతం. నిల్వకు ఈ చివరి స్థాయి తగినది. సూక్ష్మజీవులు పెరగడానికి అందుబాటులో ఉండే నీటిని తెలిపే జలక్రియాశీలత తాజా బ్రెడ్‌లో 0.95 దరిదాపుల్లో ఉంటుంది; అది 0.6 కంటే తగ్గినప్పుడు ఏ సూక్ష్మజీవీ పెరగలేదు. బాగా ఎండిన పొడి ఆ గీతకు దిగువన ఉంటుంది.

పొట్లం విప్పి రెండు రోజులైన బ్రెడ్‌లో తొలి తేమ తక్కువగా ఉంటుంది కనుక ఈ అంకెలు అంతే ఖచ్చితంగా వర్తించవు. అటువంటప్పుడు ప్రయోగశాలలో అనుసరించే స్థిర తూకం పద్ధతినే ఇంట్లో వాడుకోవచ్చు: గంట తేడాతో రెండుసార్లు తూచినప్పుడు బరువు తగ్గకపోతే ఆ వేడి వద్ద పోవలసిన నీరు పోయినట్టే. ఒక గ్రాము వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు దీనికి సరిపోతుంది. కేకుల తయారీ వ్యాపించాక అటువంటి త్రాసులు చిన్న పట్టణాల్లోనూ దొరుకుతున్నాయి.

ముక్కలు పూర్తిగా చల్లారిన తరువాతే మిక్సీలో వేయాలి. వేడి ముక్కల నుంచి వచ్చే ఆవిరి గిన్నె మూతకు పట్టి, తిరిగి పొడిలోకే చేరుతుంది. ఒక్కసారిగా తిప్పక ఆగి ఆగి తిప్పి, రవ్వ జల్లెడలో జల్లించి, పైన నిలిచిన మొరుమును మళ్లీ వేయాలి. బొంబాయి రవ్వంత సన్నదనం ఇంటి వాడకానికి చాలు. మరీ పిండిలా చేస్తే పూతకు కరకర రాదు.

400 గ్రా. బ్రెడ్ నుంచి ఈ విధంగా 275 గ్రా. పొడి, అంటే 240 మి.లీ. కప్పుతో రెండున్నర కప్పులు వస్తుంది. జల్లెడ, మిక్సీలలో కొంత పోతుంది. ముక్క ఒక్కొక్కటి 25 గ్రా. ఉంటే దాని నుంచి 17 గ్రా. పొడి లభిస్తుంది. కప్పు నిండటానికి ఆరు ముక్కలకు పైగా కావాలి. మూడు నాలుగు ముక్కలకే ఒక కప్పు పొడి వస్తుందని కొన్ని విదేశీ వంట పట్టికలు చెబుతాయి. మందపాటి పెద్ద ముక్కలకు, మొరుముగా ఉండే పొడికి సరిపడే ఆ లెక్కను ఇక్కడి బ్రెడ్‌కు వర్తింపజేస్తే పొడి చాలదు.

ఇంటి పాత్రకు అంకె

తూకం అలవాటు చేయాలన్నంత మాత్రాన గ్లాసును వంటింటి నుంచి తరిమివేయనవసరం లేదు. ఇంటి గ్లాసు ఎంత పడుతుందో తెలుసుకుంటే చాలు. ఖాళీ గ్లాసును తూచి, అంచు వరకు నీరు పోసి మళ్లీ తూస్తే తేడా ఎన్ని గ్రాములో దాని సామర్థ్యం అన్ని మి.లీ. ఆపై ఆ ఇంటి పొడినే అందులో చెంచాతో వదులుగా పోసి, తట్టకుండా, కత్తి వెన్నుతో అంచు మట్టానికి గీసి తూచాలి. మూడుసార్లు ఇలా చేసి సగటు తీస్తే ఆ గ్లాసుకు, ఆ పొడికి చెల్లే అంకె వస్తుంది. ఆ అంకెను డబ్బా మూతపై రాసి ఉంచడం మంచి అలవాటు. గోపురంలా పోసిన గ్లాసుకు ఏ అంకె కూడా నిలవదు.

టేబుల్ స్పూన్ అంటే 15 మి.లీ.; అంచు మట్టానికి గీసిన స్పూన్‌లో సన్నని పొడి 7 గ్రా.కు కాస్త తక్కువ పడుతుంది. కూర చిక్కబరచడానికి, ఒకటి రెండు ఆమ్లెట్లలో కలపడానికి ఈ కొలత చాలు. చిన్న మోతాదుల్లో ఒకటి రెండు గ్రాముల తేడాకు త్రాసు తీయడం అనవసరపు శ్రమే.

లోపల బంధం, వెలుపల పూత

వంటలో బ్రెడ్ పొడికి రెండు వేర్వేరు పనులున్నాయి. ముద్దలో కలిపినప్పుడు అది తేమను పీల్చి బంధంగా పనిచేస్తుంది. పైన అద్దినప్పుడు నూనెకు, ముద్దకు మధ్య పెళుసు పొరగా నిలుస్తుంది. శిక్షణల్లో ఈ రెండింటికీ కలిపి ఒకే కొలత చెప్పడం తరచుగా జరిగే పొరపాటు.

బంధంగా దాని విశిష్టత ఏమిటంటే, అందులోని పిండిపదార్థం ఒకసారి ఉడికి ఉంది. పచ్చి మైదా, బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి చల్లని ముద్దలో నీటిని పెద్దగా పీల్చవు. వేడి తగిలి, రేణువులు ఉబ్బినప్పుడే వాటి పట్టు తెలుస్తుంది. బ్రెడ్ పొడి చల్లగా ఉన్నప్పుడే నీటిని లాక్కుంటుంది కాబట్టి కట్లెట్‌కు నూనెలో పడకముందే ఆకారం నిలుస్తుంది. తెలుగు వంటింట ఇదే గుణం గలవి మరికొన్ని ఉన్నాయి: అటుకులు, మరమరాలు. వడ్లను నానబెట్టి, వేడి చేసి తయారుచేసినవి కావడం వల్ల వాటి పిండిపదార్థం కూడా చాలావరకు ఉడికినదే. బ్రెడ్ లేని రోజు అటుకుల పొడి వాడటం కేవలం సర్దుబాటు కాదు, శాస్త్రీయంగా కూడా సరైన ఎంపిక. కీమా ఉండల్లో తరతరాలుగా వేస్తున్న పుట్నాల పప్పు పొడి మాంసకృత్తులను కూడా చేర్చి గట్టి పట్టునిస్తుంది. గోధుమలోని గ్లూటెన్ పడనివారికి బ్రెడ్ పొడి నిషిద్ధం. వారికి ఈ రెండే ఆధారం. బొంబాయి రవ్వ పచ్చిది, పైగా గోధుమదే. చేప ముక్కల పైపూతకు బాగుంటుంది గాని ముద్ద లోపల ఆలస్యంగా పనిచేస్తుంది. ఏ ప్రత్యామ్నాయమైనా కప్పుకు కప్పు మార్చరాదు. ముందు అంతే బరువులో మూడు వంతులు కలిపి, పిడికిట నొక్కి చూసి, మిగిలినది చేర్చాలి.

మొదలుపెట్టడానికి ఒక మోతాదు: ఉడికించి, నీరోడ్చి, చిదిమిన బంగాళాదుంప 500 గ్రా.కు ముద్దలో 45 గ్రా. పొడి, అంటే తొమ్మిది శాతం. దీన్ని రెండు విడతలుగా కలిపి, మూతపెట్టి పది నిమిషాలు వదలాలి. పొడి నీటిని పీల్చే సమయం అది. ఆ పది నిమిషాలు ఆగలేక, ముద్ద ఇంకా జారుగా ఉందని మరో గుప్పెడు పొడి కలిపేవారి కట్లెట్లు వేగాక రాతిముక్కల్లా తయారవుతాయి. కుక్కరులో నీటిలో మునిగి ఉడికిన దుంపకు, ఆవిరిపై ఉడికిన దుంపకు తేమలో తేడా ఉంటుంది కనుక 45 గ్రా. అన్నది మొదటి అంకె మాత్రమే. అరటికాయ, కంద ముద్ద పొడిగా ఉంటాయి, తక్కువ చాలు. లేత మొక్కజొన్న గింజలు రుబ్బి కలిపితే ఎక్కువ కావాలి.

చిన్న మోతాదులో ఈ తేడాలను చేయి సర్దుకుంటుంది. అమ్మకానికి చేసినప్పుడే నష్టం బయటపడుతుంది. ఒక సంఘం పది కిలోల దుంపతో కట్లెట్లు చేస్తున్నదనుకుందాం. తూకం ప్రకారం కావలసిన ఎండు పొడి 900 గ్రా.; పరిమాణంలో అది రెండు లీటర్లు. కొలత కాగితంలో రెండు లీటర్లని మాత్రమే రాసి ఉండి, ఆ రోజు ఎండు పొడికి బదులు తాజా బ్రెడ్ తురుము వాడితే పడేది 380 గ్రా. మాత్రమే. అందులోనూ మూడో వంతుకు మించి నీరే. ఘనపదార్థం లెక్కన చూస్తే కావలసినదానిలో మూడో వంతు కూడా చేరలేదు. కట్లెట్లు నూనెలో విచ్చిపోతాయి, విచ్చిన దుంప నూనెను నల్లబరుస్తుంది, ఆ పూట సరుకుతో పాటు నూనె కూడా పోతుంది. కొద్దిపాటి పెట్టుబడితో మొదలుపెట్టిన వారికి ఇటువంటి రెండు పూటలు చాలు, ఆ పని మానివేయడానికి.

పైపూతకు పై 500 గ్రా. దుంపకు 60 గ్రా. పొడిని వెడల్పాటి పళ్లెంలో తీసుకోవచ్చు. పలుచగా కలిపిన మైదా జారులో గాని, గిలకొట్టిన గుడ్డులో గాని ముంచి, పొడిలో దొర్లించి, అరచేతితో మెల్లగా అదిమి, పావుగంట ఆరనిస్తే పూత రాలదు. చివర పళ్లెంలో మిగిలినదాన్ని తూస్తే నిజంగా ఎంత అంటుకున్నదో తెలుస్తుంది. రెండు మూడు సార్లు చూస్తే ఆ ఇంటి లెక్క స్థిరపడుతుంది. పళ్లెంలోని మిగులు గుడ్డు తడి, జారు తడి తగిలినది. దాన్ని అదే పూట వేయించి వాడాలి, లేదా పారవేయాలి. పొదుపు పేరుతో తిరిగి డబ్బాలో కలిపితే డబ్బా మొత్తం చెడుతుంది.

నూనె వేడి 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. లోపలి ముద్ద ముందే ఉడికినది కనుక వేయించడం పైపూత రంగు కోసం, లోపల వేడెక్కడం కోసం మాత్రమే. ఎండబెట్టేటప్పుడు రంగు మారనీయరాదన్న సూచనకు కారణం ఇక్కడ ఉంది: ముందే గోధుమ రంగుకు తిరిగిన పొడి నూనెలో అర నిమిషంలో ముదురుతుంది, లోపల చల్లగానే మిగులుతుంది. రస్కు పొడితో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. రస్కు రెండుసార్లు కాల్చినది, పైగా చక్కెర కలిపినది. బేకరీలో చవకగా దొరికే రస్కు నూకను బ్రెడ్ పొడికి బదులు వాడేవారు దాన్ని ముద్దలో కలపడానికి పరిమితం చేసి, పూతకు బ్రెడ్ పొడినే వాడటం మంచిది. రాలిన రేణువులు నూనె అడుగున మాడుతూ ఉంటాయి కాబట్టి ప్రతి వాయి తరువాత సన్నని చిల్లుల గరిటెతో తీసివేయాలి. అమ్మకందారులకు ఇది రుచికి మించిన విషయం: పదేపదే కాచిన నూనెలో మొత్తం ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పరిమితి విధించింది.

ఉప్పు గురించి ఒక మాట. బ్రెడ్‌లో ఉన్న ఉప్పు ఎండబెట్టినప్పుడు ఎక్కడికీ పోదు. నీరు తగ్గిన మేరకు గాఢమవుతుంది. 100 గ్రా. పొడిలో సుమారు ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల వరకు ఉప్పు ఉంటుందని గుర్తించి ముద్దలో ఉప్పు తగ్గించాలి. రక్తపోటు గలవారి ఇళ్లలో ఇది తప్పక చెప్పవలసిన విషయం. అలాగే 100 గ్రా. పొడి సుమారు 395 కిలో క్యాలరీల శక్తినిస్తుంది. తేలికగా కనిపించే ఈ పొడి తేలికైన ఆహారమేమీ కాదు.

డబ్బాలో పొడి

పొడిని పూర్తిగా ఆరిన, గాలి చొరబడని డబ్బాలో నింపి, తడి చెంచా తగలనీయకుండా ఉంచితే వేసవిలో రెండు మూడు నెలలు నిలుస్తుంది. జూన్ తరువాత గాలిలో తేమ పెరిగే కొద్దీ మూత తీసిన ప్రతిసారీ పొడి కొంత నీటిని పీల్చుకుంటుంది. చిన్న డబ్బాల్లో విడివిడిగా నింపి, ఒకటి వాడుతుండగా మిగిలినవి ఫ్రిజ్‌లో ఉంచడం వానాకాలానికి తగిన ఏర్పాటు. ఫ్రిజ్ నుంచి తీసిన డబ్బాను గది వేడికి వచ్చేవరకు తెరవరాదు.

నిల్వ ధాన్యపు పురుగులను చదివిన విద్యార్థులకు ఇక్కడ ఎదురయ్యేది పాత పరిచయమే: ఎర్ర పెంకు పురుగు, ట్రైబోలియం కాస్టేనియం. గట్టి గింజను తొలచలేని ఈ పురుగు నూక, పిండి, రవ్వ దొరికితే త్వరగా వృద్ధి చెందుతుంది. బ్రెడ్ పొడి దానికి సిద్ధాన్నం. అది వదిలే క్వినోన్ల వల్ల పొడికి ఘాటైన చెడు వాసన, గులాబీ ఛాయ వస్తాయి. అటువంటి పొడిని జల్లించి వాడటం కూడదు. పాత డబ్బాను ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టకుండా కొత్త పొడి పోయడమే పురుగు ఒక తయారీ నుంచి మరొక తయారీకి చేరే ప్రధాన మార్గం.

జగ్గయ్యపేట సమీపంలోని గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల గాని, గ్రామాల్లోనే గాని ఇచ్చే శిక్షణల్లో వంటకపు కాగితంపై ‘బ్రెడ్ పొడి ఒక కప్పు’ అన్న పంక్తికి బదులు ‘ఎండిన సన్నని బ్రెడ్ పొడి, ముద్దలోకి 45 గ్రా., పూతకు 60 గ్రా.’ అని అచ్చువేస్తే సగం ఇబ్బంది తీరుతుంది. మిగతా సగానికి డబ్బాపై అంటించే చిన్న చీటీ ఉపయోగపడుతుంది. దానిపై తయారైన తేదీ, బ్రెడ్ తొలి బరువు, ఎండిన బరువు, ఇంటి గ్లాసులో పట్టే గ్రాములు, నింపిన రోజున మూతతో సహా డబ్బా బరువు రాయాలి. వాడకుండా మూసి ఉంచిన డబ్బాను ఆగస్టులో మళ్లీ తూచినప్పుడు పావు కిలో పొడికి పది గ్రాములు పెరిగి కనిపిస్తే అది నీరే. ఆ పొడిని చూసి, వాసన బాగుంటే మూకుడులో సన్నని సెగపై పాత బరువుకు దిగేవరకు వేడిచేసి, చల్లార్చి, తిరిగి నింపుకోవచ్చు.